నాలుగు సిలిండర్లా, ఎనిమిదా?

మస్టాంగ్ కొనాలని ఎప్పుడో డిసైడైపోయా. తేలనిదల్లా ఏ మస్టాంగ్ అన్నదే. 2.3 లీటర్ల ఎకోబూస్ట్‌కి 315 హార్స్‌పవర్, 5.0 లీటర్ల జీటీకి 480. ఇక్కడ అమెరికాలో నేను ఆఫీసుకెళ్ళే దారిలో ఆ 315కే పని దొరకదు, ట్రాఫిక్ అలాంటిది మరి. పైగా ఆ తేడా డబ్బుతో ఊళ్ళో నాన్న ఇంటప్పు కొంత తీరుతుంది. లెక్క ప్రకారం ఎకోబూస్టే కరెక్టు.

కానీ 2024 మోడల్ నుంచి ఎకోబూస్ట్‌లో మాన్యువల్ గేర్లు తీసేశారు, పది గేర్ల ఆటోమేటిక్ ఒక్కటే. క్లచ్ తొక్కాలంటే జీటీయే దిక్కు (ఆశ పెట్టడమంటే ఇదే!). టెస్ట్ డ్రైవ్‌లో ఆ వీ8 చప్పుడు విన్నాక నా ఎక్సెల్ షీటు మీద నాకే నమ్మకం పోయింది. మా ఆవిడైతే, "వెనక సీట్లో అత్తయ్య పడతారా?" అని ఒక్కటే ప్రశ్న.

చివరికి ఎకోబూస్టే బుక్ చేశా. తేడా డబ్బు నిన్ననే నాన్నకి పంపించా. గేర్లు మార్చాలనిపిస్తే, ఊళ్ళో మా పాత మారుతీ ఉండనే ఉంది.