రంగుల కుప్ప

అమెరికాలో అన్నయ్య పిల్లలు ఆడి వదిలేసిన లెగో ముక్కలు రెండు సంచుల నిండా కట్టంగూరు చేరాయి. రంగులవారీగా వేరుచేద్దామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు.

"ఎర్రకుప్పల ఎర్రముక్క యాడ దొర్కుతది? ఒక్క తీరువి ఒక్కతాన పెట్టు."

నిజమే. ఆకారం ఒకటైనచోట రంగు తనంతట తానే కంటబడుతుంది. కందిపప్పు చెరిగే చాటలోనే పోసి ఏరాం.

చాలా ముక్కల లోపల అచ్చులో పడిన సన్నని అంకె ఉంటుంది. ఎనిమిది బొడిపెల ఇటుకకు 3001. 1958 నాటి ఇటుకైనా నేటిదానికి ఇట్టే అతుకుతుంది.

ఒక పచ్చ ఇటుకపై పాలపళ్ళ గాట్లున్నాయి. దాని ఆనవాలుకు అంకె అక్కరలేకపోయింది. మనవడి పసితనం చూడని అమ్మ దాన్ని ఏ కుప్పలోనూ వేయలేదు, కొంగున ముడివేసుకుంది.