ఎందుకలా అరుస్తావు?

ఆవిడకి డెబ్బయి రెండేళ్లు. కోడలు వెంటబెట్టుకుని తీసుకొచ్చింది. కుర్చీలో కూర్చుంటూనే, "నా చెవులకేం లేదు బాబూ, మా కోడలి నోటికి మందేదన్నా ఉంటే చూడు" అంది. ఆ అమ్మాయి తల దించుకుంది. పెద్దావిణ్ణి పరీక్ష గదిలోకి పంపాక అడిగితే కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. "మెల్లగా చెబితే వినపడలేదంటారండి. గట్టిగా చెబితే ఎందుకలా అరుస్తావు అంటారు. అన్నానికి రండి అత్తయ్యగారూ అని పిలిచినా తిట్టానంటారు. ఊళ్లో అందరికీ అదే చెబుతారు."

గోదావరి పక్కన చెవి, ముక్కు, గొంతు డాక్టరుగా ముప్ఫయ్యేళ్లు గడిపాను. ఈ ఫిర్యాదు వినని నెల లేదు. చాలాకాలం దాన్ని అత్తాకోడళ్ల గొడవ కింద జమకట్టి, వినికిడి పరీక్ష కాగితం, అదే ఆడియోగ్రామ్, చేతిలో పెట్టి పంపేసేవాణ్ణి. అదీ జబ్బు లక్షణమేనని ఆలస్యంగా తెలుసుకున్నాను.

వయసుతో వచ్చే చెవుడు కీచుగా ఉండే శబ్దాలతో మొదలవుతుంది. స, శ, చ, త లాంటి హల్లులు ముందు జారిపోతాయి, అచ్చులు మిగులుతాయి. అందుకే "వినపడుతోంది గానీ ఏమంటున్నారో తెలీట్లేదు" అంటారు. ఇది అందరికీ తెలిసిన సంగతే. దాని వెనక ఇంకొకటుంది. మంచి చెవికి సున్నా నుంచి దాదాపు వంద డెసిబెళ్ల దాకా చోటుంటుంది. గుసగుస ఒక మూల, కేక ఇంకో మూల, మధ్యలో మన సంసారమంతా. ఈ పెద్దావిడకి 60 దాటితేగానీ శబ్దం అందదు. 95 దగ్గరికొచ్చేసరికి చెవులు మూసుకుంటుంది. లోపలి చెవిలోని కణాలు దెబ్బతింటే చిన్న శబ్దం పోతుంది గానీ, పెద్ద శబ్దం మనకెంత పెద్దగా వినిపిస్తుందో వాళ్లకీ అంతే పెద్దగా వినిపిస్తుంది. ఆప్యాయత, విసుగు, బతిమాలడం, కోపం అన్నీ ఆ 35 డెసిబెళ్ల ఇరుకు గదిలోనే సర్దుకోవాలి. చెవిటివాడి ముందు శంఖం అని సామెత. మా పేషెంట్లకి శంఖం బ్రహ్మాండంగా వినపడుతుంది, లేచి వెళ్లిపోతారు కూడా.

ఇక అరిచేవాళ్ల సంగతి. అద్దం ముందు నిలబడి "అన్నానికి రండీ" అని వీధి చివరికి వినపడేలా అరిచి చూడండి. కనుబొమలు ముడిపడతాయి, మెడ నరాలు ఉబ్బుతాయి, గొంతు పైకి లేస్తుంది. ఆవిడ చెవికి అందిందీ కోపం గొంతే, కంటికి కనబడిందీ కోపం మొహమే. ఇంకేమనుకుంటుంది?

ఆ కోడలికి నేను చెప్పింది చిన్న సంగతే. వెనకనుంచి పిలవొద్దు, ఎదురుగా వెళ్లి చెయ్యి తాకి, వెలుతురు నీ మొహమ్మీద పడేలా నిలబడి, మామూలు గొంతుతో నిదానంగా మాట్లాడమన్నాను. చెవి మిషనూ రాశాను. మూడు నెలల తర్వాత వచ్చి, "ఇదివరకు తిట్టకపోయినా తిట్టాననేవారండి. ఇప్పుడు నిజంగా తిడితే దొరికిపోతున్నాను" అని నవ్వింది.

మా వైపు ఇంకో చిక్కుంది. మాటకి అర్థం మాటలో ఉండదు, అన్న తీరులో ఉంటుంది. వెటకారం అర్థం కాకపోతే గోదావరి జిల్లాల్లో బతకడం కష్టం. ఒక రిటైరైన లెక్కల మాస్టారు సాయంత్రం రామాలయం అరుగు మీద కూర్చునేవారు. ఓ రోజు ఎవరో "అబ్బో, మాస్టారు లెక్కేస్తే ఇంక తిరుగుందా అండీ, ఆయ్" అన్నారట. ఆయన సంతోషపడి ఆ లెక్క ఇంకో పావుగంట వివరించారు. అరుగంతా నవ్వింది. నవ్వు మాత్రం కనపడింది ఆయనకి. మర్నాటినుంచి అరుగెక్కడం మానేశారు. ఆడియోగ్రామ్‌లో ఈ నష్టానికి గడి లేదు.

అప్పటినుంచి నాదో సొంత పరీక్ష. పేషెంటు వెనక నిలబడి "సరేలే" అంటాను, మూడు రకాలుగా. ఒప్పుకుంటూ ఒకసారి, అలిగి ఒకసారి, పసిపిల్లని బుజ్జగిస్తున్నట్టు ఒకసారి. ఏ మాటన్నానో చాలామంది చెప్పేస్తారు. ఎలా అన్నానో అడిగితే నా మొహం కోసం వెనక్కి తిరుగుతారు.

నిజానికి ఇది నన్ను తికమకపెట్టింది. గొంతు ఎత్తుపల్లాలుండేది కింది స్థాయిలో, మగవాడి గొంతు దాదాపు 100, ఆడవాళ్లది 200 హెర్ట్జ్ ప్రాంతంలో. వీళ్లకి ఆ స్థాయి ఇంకా బాగానే ఉంది కదా, భావం తెలియాలి కదా అనుకునేవాణ్ణి. కానీ దెబ్బతిన్న చెవి దగ్గర దగ్గర స్వరాలని విడదీయలేదు, కలిపేస్తుంది. పైగా మాట పట్టుకోవడానికే బుర్రంతా ఖర్చయిపోతుంటే, దాని వెనకున్న మనసు పట్టుకోవడానికి మిగిలేదెంత? మిషను కూడా మెల్లని మాటని పెంచి, పెద్ద మాటని అణిచి, రెంటినీ దగ్గరికి తెస్తుంది. కాబట్టి మాట తొందరగా తిరిగొస్తుంది, అన్న తీరు వెనకబడుతుంది. ఇప్పుడు మిషను ఇచ్చే రోజే ఇంట్లోవాళ్లకి ఈ సంగతి చెప్పేస్తున్నాను.

పిల్లల్లో ఇది ఇంకా బాధపెడుతుంది. ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించుకున్న పిల్లాడొకడు మాటలు చక్కగా నేర్చాడు. తల్లి వంటింట్లోంచి కసురుకుంటే మాత్రం ఇవతల నవ్వుతూ ఆడుకుంటూనే ఉండేవాడు. మొండివాడని రెండు దెబ్బలు కూడా పడ్డాయి. మనకి ఒక్కో చెవిలో మెదడుకి కబురు పంపే కణాలు 3,500 దాకా ఉంటాయి. వాడి పరికరంలో ఉన్నవి 22 ఎలక్ట్రోడ్లు. మాటకి అవి చాలుతాయి, రాగానికి చాలవు. నాతో మాట్లాడుతున్నంతసేపూ వాడు నా కనుబొమలే చూస్తుంటాడు.

కళ్లు పోయినవాళ్ల కష్టం వేరు. షుగరుతో చూపు పోయిన ఒకాయన, నేను చీటీ రాస్తూ మాట్లాడకుండా ఉంటే చాలు, "ఏదన్నా చెడ్డదా డాక్టరుగారూ" అని వణికేవారు. ఆయన అడిగినదానికి నేను తలూపేవాణ్ణి, ఆ తలూపు ఎవరికి కనపడాలి? ఆయన మొహంలో మాత్రం భయం, ఊరట ఎంత స్పష్టంగా కనబడేవో. 2004 ఏథెన్స్ పారాలింపిక్స్‌లో జూడో ఆడిన అంధులు గెలిచినప్పుడు, ఓడినప్పుడు తీసిన ఫోటోలు పరిశీలిస్తే, పుట్టుగుడ్డివాళ్ల మొహాల్లోనూ చూపున్నవాళ్లలాంటి కవళికలే కనిపించాయి. వాటిని ఎవరినీ చూసి నేర్చుకోలేదు వాళ్లు. చీటీ రాసేటప్పుడు ఇప్పుడు నేను పైకి చదువుతాను, "షుగరు బిళ్ల, పొద్దున ఒకటి" అని.

మాస్టారి సంగతి మిగిలింది. ఆయన మొదటిసారి నా దగ్గరికి వచ్చింది 2021లో, కరోనా రోజుల్లో. నా మొహానికి మాస్కు, దానిపైన ప్లాస్టిక్ షీల్డు. పెదాలు కనపడవు, మాట ముద్దగా వస్తోంది. నేనూ అందరిలాగే అరిచాను, "నరం బలహీనపడిందండీ, మిషను తప్పదు!" అని. సాయంత్రం కొడుకు ఫోను. "నాన్నగారు ఇంక రానంటున్నారండి. డాక్టరు కసురుకున్నాడంటున్నారు." పెద్దావిడ కోడలికి అన్ని పాఠాలు చెప్పినవాణ్ణి నేనే.

ఆర్నెల్లకి ఎలాగో ఒప్పించి తీసుకొచ్చాడు. ఈసారి కిటికీ తీయించి, కుర్చీ దూరంగా వేసుకుని, మాస్కు తీసి, నెమ్మదిగా చెప్పాను. మాస్టారు నా మొహం వంక చాలాసేపు చూశారు.

"తమరు ఇంత శాంతమూర్తులనుకోలేదండీ, ఆయ్" అన్నారు.

కొడుకు చటుక్కున కిటికీ వైపు తిరిగాడు. అది మెచ్చుకోలో వెటకారమో నాకు ఇప్పటికీ తెలీదు. నా ఆడియోగ్రామ్ మాత్రం నార్మలే.