గర్ద్ ఎక్కడికి పోతుంది?

మా ఇంట్లో దుమ్మును గర్ద్ అంటాం. అమ్మీ ఒక్కోసారి ధూల్ అంటుంది. తెలుగు డిగ్రీలో ధూళి అన్న మాట తగిలినప్పుడు, అరె, ఇది మా ధూలే కదా అని ఖుషీ అయ్యాను. పేరేదైనా, దానితో అమ్మీ జంగ్ ఫజర్ నమాజ్ కాగానే మొదలయ్యేది. చీపురుతో ఊడ్వడం, తకియాలు దులపడం, గలీచాని గోడకేసి కొట్టడం. ఆ తర్వాత అరగంట దగ్గు. ఇల్లు సాఫ్ అయ్యేది, గర్ద్ అమ్మీ సీనాలోకి పోయేది.

మా బిడ్డకి దమ్మా అని తేలినప్పుడు డాక్టర్ సాబ్ మందులు రాసి, "ఇంట్లో ఎలా ఊడుస్తారు? పిల్ల దేనిమీద పడుకుంటుంది?" అని అడిగారు. అప్పుడు తెలిసింది అసలు దుష్మన్ మూలల్లో కాదు, బిస్తర్‌లో ఉందని. మిల్లీమీటర్‌లో మూడో వంతు కూడా ఉండని పురుగులు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. కుట్టవు, కరవవు. వాటి మలం, చచ్చిన వాటి తునకలు ఊపిరిలోకి పోతే కొందరికి తుమ్ములు, ఆయాసం.

మా దాదీ కాలంలో దూదేకుల చాచా వచ్చేవాడు. పరుపులు విప్పి, పాత దూదిని ధనుస్సులాంటి ఏకుబద్దతో ఏకి, ఎండలో ఆరబెట్టి మళ్లీ నింపేవాడు. పరుపు కొత్తదయ్యేది. మూతికి రుమాల్ కట్టుకున్నా ఆయన దగ్గుతూనే ఉండేవాడు. దూది ధూళితో వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకి బిసినోసిస్ అని పేరుందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. పింజారీ, నూర్‌బాషా అని ఏ పేరుతో పిలిచినా, ఊరి పరుపుల్లోని గర్ద్ మోసింది వాళ్ల సీనాలే.

అందుకే మా ఇంట్లో ఇప్పుడు గర్ద్‌ని లేపం, పట్టుకుంటాం. పొడి చీపురు బదులు తడి పోఁచా. అల్మారాలకి తడిగుడ్డ. పరుపుకీ తకియాలకీ జిప్ ఉన్న నేత దట్టమైన గిలాఫ్‌లు. చాదర్లు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో. చల్లనీళ్లకి మలం చాలావరకు పోతుంది గానీ పురుగు చావదు. గలీచా చుట్టి ఇచ్చేశాం. మఖ్మల్ జానమాజ్ బదులు ఉతుక్కునే నూలుది. తేమ ఈ పురుగులకి ప్రాణం కాబట్టి తడిబట్టలు గదిలో ఆరెయ్యం. ఇవన్నీ చేసినా ఇన్‌హేలర్ మాత్రం మానలేదు.

గొడవ వచ్చింది లోబాన్ దగ్గర. జుమేరాత్ సాయంత్రం ఆ పొగ లేకపోతే ఇంట్లో బర్కత్ ఉండదని అమ్మీ నమ్మకం. రెండు వారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఒక రాత్రి పోతీ ఊపిరి కోసం కొట్టుకోవడం కళ్లారా చూసింది. మరుసటి జుమేరాత్ ధూప్‌దాన్‌ని తానే గడప అవతల పెట్టింది.

ఇప్పుడు పోఁచా నా డ్యూటీ. పేపర్ ఆఫీసుకి పోయేముందు, బిడ్డ బయట ఉన్నప్పుడు పెడతాను. అమ్మీ కుర్చీలో కూర్చుని చూస్తుంది.

"కోనే ఛూట్ గయే, బేటా," అని మూలలు చూపిస్తుంది.