రెండిళ్ళ మధ్య మూడడుగుల సందు

తిరుపతికి మీరు చాలాసార్లే వెళ్ళి ఉంటారు. రైలు దిగి నాలుగడుగులు వేస్తే గోవిందరాజస్వామి గోపురం కనిపిస్తుంది. చెయ్యెత్తి దణ్ణం పెట్టి, వెంటనే కొండకు వెళ్ళే బస్సు ఎక్కడుందని వెతుక్కుంటారు. ఈసారి వెళ్ళినప్పుడు ఆ బస్సు ఒక గంట ఆలస్యంగా ఎక్కండి. స్వామి ఏమీ అనుకోడు. ఆ గంటసేపు గోపురాలను కాదు, ఇంటికీ ఇంటికీ మధ్య ఉన్న సందులను చూడండి. ఆరోగ్య శీర్షికలో ఈ యాత్ర గొడవేమిటని అడుగుతారేమో. సంబంధం ఉంది కాబట్టే చెబుతున్నాను.

గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న మాడవీధులు వెడల్పైనవి. 12వ శతాబ్దంలో రామానుజాచార్యులవారు ఇక్కడ స్వామిని ప్రతిష్ఠించి, గుడి చుట్టూ ఊరు కట్టించారని సంప్రదాయం. రథం తిరగాలి, ఊరేగింపు సాగాలి, చూడవచ్చిన జనం నిలబడాలి. అందుకే వీధికి అంత జాగా. అక్కడి ఇళ్ళవాళ్ళు పొద్దున్నే వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు పెడతారు. ఇక అక్కడి నుంచి గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు దాటి బైరాగిపట్టెడ వైపో, కొర్లగుంట వైపో నడవండి. మేడలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నట్టు నిలబడి ఉంటాయి. రెండు మేడల మధ్య ఒక సందు. రెండడుగులో, మూడడుగులో ఉంటుంది. మనిషి పక్కకు తిరిగి నడవాలి.

లోపలికి తొంగి చూడండి. పై అంతస్తు కిటికీలోంచి పడిన కసువు. (రాయలసీమలో చెత్తను కసువనే అంటారు.) ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇటుక ముక్కలు, విరిగిన బకెట్టు, కొబ్బరి బోండాల డొప్పలు, పాత స్కూటరు టైరు. ఏసీ పెట్టె నుంచి చుక్క చుక్కగా కారే నీళ్ళు. ఆ తడికి ఏపుగా పెరిగిన పిచ్చిమొక్కలు. వాటి అడుగున పందికొక్కు బొరియ. తిరుపతిని వేలెత్తి చూపడానికి ఇదంతా చెప్పడం లేదు. ప్రొద్దుటూరు, తెనాలి, నల్లగొండ ఎక్కడైనా ఇంతే. మీ వంటింటి కిటికీ తెరిచి చూసుకున్నా ఇంతేనేమో!

ఈ సందులు ఎవరి నిర్లక్ష్యం వల్లో ఒక్క రోజులో ఇలా కాలేదు. పాత పట్టణాల్లో ఇళ్ళ వెనుక సన్నని దారులుండేవి. మరుగుదొడ్డిలో పోగైన మలాన్ని సాటి మనిషి చేత తట్టలో మోయించిన దారులవి. ఆ పాపిష్ఠి పద్ధతిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చాయి. మరుగుదొడ్లు మారాయి కాని దారులు అలాగే మిగిలిపోయాయి. ఆ దారికి ఇప్పుడు పనీ లేదు, దిక్కూ లేదు. కొత్త కాలనీల సంగతి వేరు. అక్కడ గాలీ వెలుతురూ రావాలని ప్లానులోనే పక్కన జాగా వదలాలనే నిబంధన ఉంది. సెట్‌బ్యాక్ అంటారు దాన్ని. మీరు ఒక మూర వదులుతారు, పొరుగువారు ఒక మూర వదులుతారు. రెండూ కలిసి సందవుతుంది. అది తమదేనని ఇద్దరూ గోడ దగ్గర కొలతలు వేస్తారు కాని, ఊడ్చే వేళకు మాత్రం అది ఎవరిదీ కాదు.

మరి అక్కడ ఏం పుడుతుంది? మొదట దోమ.

మలేరియా దోమ వల్ల వస్తుందన్న రహస్యం రొనాల్డ్ రాస్‌కు చిక్కింది మన సికిందరాబాదులోనే, 1897 ఆగస్టు 20న. నూట పాతికేళ్ళు దాటినా మనలో చాలామందికి దోమ అంటే మురుగు కాలువే గుర్తొస్తుంది. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమ విషయంలో అది నిజం. డెంగ్యూ తెచ్చే ఏడిస్ దోమ అలా కాదు. దానికి తేటనీరు కావాలి. సందులో పడున్న బోండాం డొప్ప, టైరు మడత, ఏసీ నీళ్ళు పట్టే డబ్బా, మూతలేని తొట్టి చాలు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. నీళ్ళు ఎండిపోయినా గుడ్డు చావదు. డబ్బా అంచుకు అంటుకుని నెలల తరబడి ఉండి, మళ్ళీ తడి తగలగానే కళ్ళు తెరుస్తుంది. అందుకే నీళ్ళు పారబోస్తే సరిపోదు, తొట్టి లోపలి గోడలను పీచు పెట్టి రుద్దాలి. శుక్రవారాన్ని డ్రైడేగా పాటించమని ఆరోగ్యశాఖవారు చెప్పేది ఇందుకే. వారానికొకసారి నీళ్ళన్నీ ఖాళీ చేస్తే పురుగు దోమయ్యేలోగా చస్తుంది. ఇంకొక మాట. ఈ దోమ పగటిపూట కుడుతుంది, పుట్టిన చోటికి ఎంతో దూరం పోదు. మీ ఇంట్లో పిల్లవాడికి డెంగ్యూ వచ్చిందంటే దోమ ఊరవతల నుంచి రాలేదు, చాలాసార్లు మీ సందులో నుంచో పక్క సందులో నుంచో వచ్చింది.

ఈ ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాల వాన కూడా ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో ఏ వాయుగుండం లేచినా ఇక్కడ తడుస్తుంది. 2021 నవంబరు 18న తిరుపతిలో కురిసిన కుండపోతకు వీధులే కాలువలయ్యాయి. వీధిలో నీళ్ళు రెండు మూడు రోజుల్లో తీస్తాయి. సందులో చిక్కుకున్న నీళ్ళను తియ్యడానికి ఎవరూ రారు.

ఇప్పుడు చిత్తూరుకు పోదాం. బస్సులో డెబ్బై కిలోమీటర్లు. చంద్రగిరి కోట దాటాక రాళ్ళ గుట్టలు, మామిడి తోటలు. చిత్తూరు నీవా నది ఒడ్డున, గుట్టల నడుమ ఉన్న ఊరు. ఊరు పెరిగే కొద్దీ ఇళ్ళు గుట్టల మొదళ్ళ దాకా పాకాయి. ఇక్కడి నడివీధి గంగమ్మ జాతరకు, తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరకు ఊళ్ళ వాళ్ళంతా ఇళ్ళు కడిగి, వేపాకు తోరణాలు కడతారు. వెనకటి రోజుల్లో అమ్మవారి జాతర అంటే ఎండాకాలపు అంటురోగాల భయం కూడా. నడివీధికి అంత మర్యాద దక్కింది. సందుకు తోరణం కట్టినవాళ్ళను నేను చూడలేదు.

చిత్తూరు ప్రస్తావన తేవడానికి అసలు కారణం స్క్రబ్ టైఫస్ అనే జ్వరం. 2025 చివరలో ఆంధ్రప్రదేశ్‌లో ఈ కేసులు బయటపడినప్పుడు చిత్తూరు జిల్లా పేరు ముందు వరుసలో వినిపించింది. కొత్త రోగం కాదు. తిరుపతి స్విమ్స్ వైద్యులు దీన్ని గురించి 2015లోనే వైద్య పత్రికలో రాశారు. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని నల్లి పిల్ల కుట్టడం వల్ల ఇది వస్తుంది. కుట్టినట్టు కూడా తెలియదు. ఎలుకలున్న చోట, వాటి చుట్టూ పిచ్చిమొక్కలు పెరిగిన చోట ఆ నల్లి బాగా బతుకుతుంది. ఇందాక చెప్పిన సందును మళ్ళీ గుర్తు తెచ్చుకోండి. పొద, ఎలుక, తడి మూడూ అక్కడే ఉన్నాయి. ఇది పల్లెరోగమనీ, పొలం పనివాళ్ళకే వస్తుందనీ పట్టణవాసులు అనుకుంటారు. అలా అనుకోవడం వల్లే వైద్యం ఆలస్యమవుతుంది.

తీవ్రమైన జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు వస్తాయి. చాలామందికి ఒంటి మీద ఒకచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పుండు కనిపిస్తుంది. నొప్పి ఉండదు కనుక ఎవరూ పట్టించుకోరు. చంకలో, నడుము పట్టీ కింద, గజ్జల్లో, ఆడవారికి రొమ్ము అడుగున ఉండవచ్చు. సిగ్గుపడి చూపించకపోతే డాక్టరుకు తెలిసేదెలా? అందరికీ పుండు ఉండి తీరుతుందనీ లేదు. తొలి రోజుల్లో గుర్తిస్తే డాక్సీసైక్లిన్ వంటి చవకైన మందుతో రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది. వదిలేస్తే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దాకా పోయి ప్రాణం మీదికి తెస్తుంది. మందు పేరు చెప్పానని కొట్టుకు వెళ్ళి కొని మింగకండి. గర్భిణులకు, పిల్లలకు ఏది ఇవ్వాలో డాక్టరే తేల్చాలి. అలాగే, డెంగ్యూ అనుమానం ఉన్నప్పుడు జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, బ్రూఫెన్ వంటివి వాడరాదు. రక్తస్రావం అయ్యే ప్రమాదముంది.

సందు చేసే కీడు ఇంకొకటుంది. అది మెల్లగా చేస్తుంది. కంపు కొడుతుందనీ, దోమలొస్తాయనీ ఆ పక్క కిటికీ మూసేస్తారు. ఏళ్ళ తరబడి మూసే ఉంటుంది. లోపల గది చెమ్మగిల్లి, గోడకు బూజు పడుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఆ బూజే శత్రువు. ఇంట్లో ఒకరికి క్షయ ఉంటే, గాలి ఆడని గదిలో తక్కినవారికి అంటడం తేలిక. గాలి కోసం వదిలిన జాగా గాలినే లేకుండా చేస్తున్నదన్నమాట!

సరే, ఏం చెయ్యాలి? ఊడ్చి కసువు ఎత్తిపారేస్తే చాలదా అంటారు. చాలదనే నా అభిప్రాయం. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఇళ్ళ మధ్య పాడుబడిన 541 ఖాళీ జాగాల మీద ఒక పరిశోధన చేశారు. 2018లో ఫలితాలు అచ్చయ్యాయి. కొన్నిచోట్ల చెత్త తీసి, గడ్డి వేసి, నాలుగు చెట్లు నాటి, పొట్టి కంచె కట్టి, నెలనెలా చూసుకున్నారు. కొన్నిచోట్ల చెత్త మాత్రం తీశారు. కొన్నింటిని అలాగే వదిలేశారు. పచ్చదనం పెంచిన చోట్ల చుట్టుపక్కల వారిలో మనసు కుంగిపోయిందని చెప్పేవారు 41.5 శాతం తగ్గారు. ఉత్త చెత్త తీసిన చోట చెప్పుకోదగిన మార్పు లేదు. మన సందులు అంత పెద్దవి కావు, మన ఎండలూ వేరు. అయినా ఒక సంగతి మనకూ పనికొస్తుంది. జాగాకు ఒక పని అప్పగించి, చూసుకునే మనిషి ఉంటేనే అది శుభ్రంగా నిలుస్తుంది. పనిలేని జాగాను శుభ్రం చేస్తే నెలలోపల మళ్ళీ దిబ్బవుతుంది.

ముందు పొరుగింటివారితో మాట కలపండి. అసలు కష్టం ఇక్కడే. "అక్కా, అది మీదా మాదా అని ఇప్పుడు అడగబాకండి. ఆదివారం పొద్దున్నే ఇద్దరమూ కలిసి ఊడ్చేద్దాం రాండి" అని చిత్తూరు ఇల్లాలు అన్నట్టు అనండి. గోడ తగువు కోర్టులో ఉంటే ఉండనివ్వండి. దోమ తీర్పు వచ్చేదాకా ఆగదు. ఒక ఇంటివారు అసలు లేకుండా తాళం పడి ఉంటే వార్డు సచివాలయంలో పారిశుద్ధ్యం చూసే కార్యదర్శికి రాతపూర్వకంగా చెప్పండి. జాగా శుభ్రం చేసుకోమని యజమానికి నోటీసు ఇచ్చే అధికారం పురపాలకులకు ఉంది.

కసువు తీశాక నేల సంగతి. సందులో మట్టి ఉంటే నీళ్ళు నిలుస్తాయి, బొరియలు పడతాయి. కడప బండలు పరిపించుకోండి. పది అడుగులకు అంగుళంన్నర వాలు ఉండేలా, వీధి కాలువ వైపు దించాలి. ఎలుక బొరియలను గాజు పెంకులు కలిపిన సిమెంటుతో మూయండి. ఏసీ నీళ్ళను ట్యూబు పెట్టి మొక్క మొదట్లోకో, కాలువలోకో వదలండి, డబ్బాలో పట్టకండి. ఇంకుడు గుంత తవ్వుదామని కొందరు ఉత్సాహపడతారు. ఇరుకు సందులో, పునాది పక్కన అది తవ్వరాదు. పెరట్లో గోడలకు దూరంగా తవ్వుకోవాలి.

ఇక మొక్కలు. ఎండ సోకని చోట కరివేప పెట్టి, ఎదగలేదని బాధపడకండి. నీడపట్టున తమలపాకు తీగ, పుదీనా, వామాకు బాగా వస్తాయి. కొంచెం ఎండ తగిలితే బచ్చలి తీగ గోడంతా అల్లుకుని వారానికి రెండు పూటల పప్పులోకి సరిపోతుంది. కుండీలను నేల మీద కాక ఇటుకల మీద పెట్టండి, కింద ఊడ్వడానికి వీలుంటుంది. కుండీ కింద పళ్ళెం వద్దు. జలదారి నీళ్ళకు అరటి నాటడం మన పాత అలవాటు, మంచిదే. కాని అరటి మట్టల సందున, చేమ ఆకుల మొదట నిలిచే నీటిలో కూడా ఒక రకం ఏడిస్ దోమ పెరుగుతుంది. ఇరుకు సందుకు అవి తగవు. తులసి, నిమ్మగడ్డి నాటితే దోమలు రావని చెప్పేవారి మాట నమ్మకండి. నిమ్మగడ్డి నూనె ఒంటికి పూసుకుంటే కొంతసేపు దోమ దగ్గరికి రాదు కాని, మొక్క ఊరికే నిలబడి దోమలను తరమదు. తులసిని పూజకు పెంచుకోండి, దోమల పని మీరు చూసుకోండి. వీధి వైపు మొదట్లో ఒక చిన్న తడిక తలుపు, ఒక దీపం పెట్టండి. వెలుగు ఉన్న చోట దారినపోయేవాడు కసువు విసరడానికి జంకుతాడు. గడపలో ముగ్గు కూడా వేస్తే ఇంకా జంకుతాడు. చెత్త పడేసే మూలల్లో ముగ్గులు వేయించే పురపాలక సంఘాలు ఈ కిటుకునే వాడుకుంటున్నాయి.

తొలిసారి పొదలు కొట్టే రోజు జాగ్రత్త. నిండు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు, చేతులకు తొడుగులు వేసుకోండి. ముందు పొడుగాటి కర్రతో తట్టి చూడండి, ఎలుక ఉన్నచోటికి పాము వస్తుంది. కోసిన గడ్డి మీద కూర్చోకండి, విప్పిన బట్టలు దాని మీద పెట్టకండి. కసువును అక్కడే తగలబెట్టకండి, ఆ పొగ నేరుగా పై అంతస్తు గదిలోకి పోతుంది. పని కాగానే బట్టలు వేడినీళ్ళలో నానవేసి, సబ్బుతో ఒళ్ళు రుద్దుకుని స్నానం చెయ్యండి. తరువాత మూడు వారాల లోపల జ్వరం వస్తే, మీ డాక్టరు అడగకపోయినా, ఫలానా రోజున సందులో పొదలు కొట్టానని మీరే చెప్పండి. ఒంటి మీద నల్లటి మచ్చ ఉంటే అదీ చూపించండి.