దమ్‌దమ్ తూటా వెల ఎంత?

కోల్‌కతా ఉత్తరపు అంచున ఉన్న దమ్‌దమ్ పేరు చెప్పగానే ప్రయాణికునికి విమానాశ్రయం గుర్తుకు వస్తుంది. పాత పాటల ప్రియునికి గ్రామఫోను రికార్డులు తయారైన కర్మాగారం గుర్తుకు వస్తుంది. పాతకాలపు సైనిక సామగ్రిని సేకరించేవారికి మాత్రం, వారు ఏ దేశంలో ఉన్నా, ఆ పేరు వినగానే స్ఫురించేది ఒక నిషిద్ధమైన తూటా.

ఆ ఊరికీ మందుగుండుకూ ఉన్న బంధం ఈనాటిది కాదు. దమ్‌దమా అంటే ఫిరంగులను నిలిపే మట్టిదిబ్బ. 1783 నుంచి 1853 వరకు బెంగాల్ ఫిరంగి దళానికి ఇదే ప్రధాన స్థావరం. 1857 జనవరిలో ఇక్కడి కూలీ ఒకడు బ్రాహ్మణ సిపాయిని చెంబుతో నీళ్లు అడిగాడట. సిపాయి నిరాకరించగా, ఆవుకొవ్వూ పందికొవ్వూ పూసిన తూటాలను పళ్లతో కొరికేనాడు నీ కులమేమవుతుందని ఎత్తిపొడిచాడట. ఆ మాట దావానలంలా దండు దండుకూ పాకింది. తరువాతి కథ జగద్విదితమే.

నాలుగు దశాబ్దాలు గడిచాయి. 1895 నాటి చిత్రాల్ దండయాత్రలో, త్రీ నాట్ త్రీ తుపాకి గుండు శత్రువు శరీరంలోంచి సూటిగా దూసుకుపోతున్నదే గాని అతనిని నిలువరించడం లేదని ఆంగ్ల సైనికాధికారులు ఫిర్యాదు చేశారు. దమ్‌దమ్ ఆయుధాగారంలోని కెప్టెన్ నెవిల్ బెర్టీ-క్లే దానికొక ఉపాయం కనిపెట్టాడు. గుండు కొన మీది గట్టి లోహపు పొరను కొద్దిగా తొలగించి, లోపలి మెత్తని సీసాన్ని బయటికి వదిలాడు. తగలగానే ఆ సీసం పుట్టగొడుగులా విచ్చుకొని ఘోరమైన గాయం చేస్తుంది. 1899లో హేగ్ నగరంలో సమావేశమైన దేశాలు ఇటువంటి గుండ్లను యుద్ధంలో వాడరాదని ప్రకటించాయి. బ్రిటన్ 1907 వరకు అందుకు సమ్మతించలేదు.

నిషేధం వల్ల పేరు పెరిగింది. పేరు వల్ల ధర పెరిగింది. ధర వల్ల మోసం పుట్టింది. బజారులో దమ్‌దమ్‌గా చెలామణీ అయ్యేవన్నీ దమ్‌దమ్‌లు కావు. కొనలో గుంట ఉన్న గుండ్లు చాలావరకు ఇంగ్లండులోని వూలిచ్‌లో తయారైనవి. అవి వేరే నమూనాలు. కనుక పరీక్షకుడు ముందుగా తూటాను తలకిందులు చేసి అడుగున ఉన్న ముద్రను చదువుతాడు. బాణపు గుర్తుకు అటూ ఇటూ ఆర్, ఎల్ అక్షరాలుంటే అది వూలిచ్‌ది, కె.ఎఫ్. అని ఉంటే పుణె దగ్గరి కిర్కీది. ఆ పిదప భూతద్దంతో కొనను పరిశీలిస్తాడు. మామూలు గుండును ఆకురాయితో అరగదీసి దమ్‌దమ్ అని అమ్మజూపితే, ఆకురాయి గీతలే ఆ గుట్టు బయటపెడతాయి. ఇత్తడి మీది సహజమైన మకిలి విలువను నిలుపుతుంది. చింతపండు పెట్టి తోమితే ఆ విలువ పోతుంది. చీటీ చెరగని అసలు అట్టపెట్టె దొరికితే అది తూటా కంటే గట్టి సాక్ష్యం.

అయితే వెల కట్టడానికి ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటున్నది: తూటా బతికి ఉన్నదా, చచ్చినదా? నూరేళ్లు దాటినా అడుగున ఉన్న క్యాపు పేలవచ్చు. దానిని విప్పజూడటం, కాల్చడం, సుత్తితో కొట్టడం ప్రాణాంతకం. పైగా 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా దాచడం నేరం. తాతగారి ట్రంకుపెట్టెలో అటువంటిది బయటపడితే, దానిని కదిలించకుండా పోలీసు ఠాణాకు కబురు పంపడమే వివేకం.

దమ్‌దమ్ ఒక తూటా కారణంగా సామ్రాజ్యాన్ని వణికించింది. మరొక తూటా కారణంగా లోకం చేత ఛీకొట్టించుకున్నది. ఆ ఇత్తడి ముక్కకు ఉన్న వెలంతా ఈ కథదే. ఆ కథను మ్యూజియం అద్దాల వెనుక నిలబడి చదువుకోవడానికి లైసెన్సు అక్కరలేదు.