డబ్బు కట్టాక చేతిలో ఏం మిగులుతుంది?

వీడియో గేమ్ ఎక్కడ కొనాలని ఎవరైనా అడిగితే ఒకప్పుడు ధర చూసి చెప్పేవాణ్ణి. ఏ పండక్కి సేల్ పెడతారు, ఏ సైట్లో ఎంత తగ్గుతుంది, ఏ కార్డు మీద ఎంత క్యాష్‌బ్యాక్ వస్తుంది – ఈ లెక్కలన్నీ నోటికి వచ్చేవి. ధర ఇప్పుడూ చూస్తాను. కాకపోతే దానికంటే ముందు ఇంకో ప్రశ్న వేసుకుంటున్నాను. ఈ దుకాణం రేపు మూతపడితే, ఆ కంపెనీ మనసు మార్చుకుంటే, నేను డబ్బు పోసిన గేమ్ నా దగ్గర ఉంటుందా, పోతుందా?

2000 తర్వాతి తొలి ఏళ్లలో ఈ ప్రశ్న అవసరమే పడలేదు. అప్పట్లో మాకు కంప్యూటరంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరే; అందరి నోటా సీటీసీ. ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు అక్కడ బేరమాడి కొనుక్కొచ్చేవాళ్లం. గేముల సంగతి వేరు. అసలు డబ్బా ధర మధ్యతరగతి ఇంటికి అందేది కాదు. కాపీ సీడీలు ఊరంతా దొరికేవి. వైస్ సిటీ, ప్రాజెక్ట్ ఐజీఐ, రోడ్ ర్యాష్ ఆడిన మా తరంలో చాలామంది వాటి అసలు డబ్బాను కళ్లతో చూసి ఉండరు. గేమ్ తయారుచేసినవాడికి పైసా దక్కని ఆ పద్ధతిని నేను సమర్థించను. కానీ అసలైనా నకలైనా, గేమ్ అంటే చేతిలో ఉన్న సీడీ. కంప్యూటర్లో పెడితే నడిచేది. ఎవరి అనుమతీ అడిగేది కాదు.

ఆ లెక్క మారిన తేదీ స్పష్టంగా చెప్పవచ్చు. అమెరికాకు చెందిన వాల్వ్ కంపెనీ 2003 సెప్టెంబరులో స్టీమ్ మొదలుపెట్టింది. మొదట అది కౌంటర్ స్ట్రైక్ లాంటి తమ గేములకు అప్‌డేట్లు పంపే ఏర్పాటు. 2004 నవంబరులో హాఫ్ లైఫ్ 2 వచ్చినప్పుడు మాత్రం దుకాణంలో డిస్కు కొన్నవాడు కూడా స్టీమ్ ఖాతా తెరిచి, ఇంటర్నెట్‌కు తగిలించి ఆ గేమ్‌కు అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. డబ్బా కొన్నా తాళం చెవి కంపెనీ దగ్గరే ఉండిపోయింది. డయలప్ మోడెం మీద బతుకుతున్న మన ఊళ్లలో దాని బరువు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు.

అయినా స్టీమ్ గెలిచింది, గెలవాల్సిందే గెలిచింది. ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. పైరసీ ధర వల్ల పుట్టేది కాదు, సరిగ్గా అమ్మడం చేతకానప్పుడు పుట్టేది అని వాల్వ్ అధిపతి గేబ్ న్యూవెల్ ఏళ్ల తరబడి వాదించాడు. మన దేశంలో అది కళ్లముందే రుజువైంది. 2015 జూన్‌లో డబ్బు వాపసు పద్ధతి వచ్చింది: కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే, కారణం చెప్పకుండానే తిరిగి ఇచ్చేయవచ్చు. అదే ఏడాది నవంబరులో ధరలు డాలర్ల నుంచి రూపాయల్లోకి మారాయి. అమెరికాలో ఉన్న బంధువు కార్డు మీద కొనిపించుకునే తిప్పలు తప్పాయి. కాపీ సీడీలతో పెరిగిన కుర్రాళ్లు ఉద్యోగాల్లో చేరి, చిన్నప్పుడు కాపీలో ఆడిన గేములనే మళ్లీ డబ్బు పెట్టి కొనడం నేను చూశాను. ఏ దాడులూ ఏ చట్టాలూ అంత పని చేయలేదు.

ఇప్పుడు పీసీ మీద ఆడేవాళ్లలో ఎవరిని అడిగినా ముందు చెప్పే పేరు స్టీమే. ఎపిక్ గేమ్స్ స్టోర్ 2018 డిసెంబరులో తెరిచి, తయారీదారుల దగ్గర 12 శాతమే తీసుకుంటూ (స్టీమ్ మొదటి వాటా 30 శాతం), వారం వారం గేములు ఉచితంగా పంచింది. ఉచితం అయినవి అక్కడ తీసుకుని, డబ్బు పెట్టేవి మళ్లీ స్టీమ్‌లోనే కొంటారు. స్నేహితులంతా అక్కడ ఉన్నారు, పాత గేములన్నీ ఒకే చోట ఉన్నాయి, సమీక్షలు అక్కడే రాస్తారు. పది మందీ ఉన్న చోటే కొట్టు నడుస్తుంది.

కన్సోల్ ఆడేవాళ్ల కథ వేరు, మన దేశానికి సంబంధించినంత వరకు అసలు పాఠం నాకు అక్కడే దొరికింది. ప్లేస్టేషన్ 5 మన దగ్గర 2021 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు రెండు రకాలుగా అమ్మారు. డిస్క్ డ్రైవ్ ఉన్నది 49,990 రూపాయలు, లేనిది 39,990. పదివేలు మిగులుతాయంటే ఏ తల్లిదండ్రులైనా రెండోదాని వైపే చూస్తారు. కానీ డ్రైవ్ లేని ఆ పెట్టె కొన్నవాడికి ఇక ఒకే దుకాణం, సోనీది. ధర ఆ కంపెనీ చెప్పిందే, సేల్ అది పెట్టినప్పుడే. డ్రైవ్ ఉన్నవాడికి వీధిలోని కొట్టూ ఉంది, ఆన్‌లైన్ అంగడీ ఉంది, పక్క అపార్ట్‌మెంట్‌లో గేమ్ పూర్తిచేసి డిస్కు అమ్మజూపుతున్న కుర్రాడూ ఉన్నాడు. పెద్ద గేమ్ కొత్తలో నాలుగైదు వేలు పలుకుతుంది. నెలలోపు ఆడేసి అమ్మితే సగానికి పైగా వెనక్కి వస్తుంది. ఆ డబ్బుతో ఇంకో గేమ్. కోఠిలో సీనియర్ల ఇంటర్ పుస్తకాలు సగం ధరకు జూనియర్ల చేతికి చేరినట్టు, ఒక డిస్కు నాలుగైదు ఇళ్లు తిరుగుతుంది. పదివేల తేడా ఏడాది తిరక్కుండానే పూడుకుపోతుంది. కన్సోల్ కొనేవాళ్లు పెట్టె ధరే చూస్తారు. ఆ పెట్టెతో పాటు దుకాణాన్నీ ఎంచుకుంటున్నారని వాళ్లకు ఎవరూ చెప్పరు.

ఈ చేతులు మారే హక్కు మీద కంపెనీలకు ఎప్పుడూ కన్ను ఉంది. 2013లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్‌ను ప్రకటిస్తూ, 24 గంటలకోసారి ఇంటర్నెట్‌కు కలపాలనీ, వాడిన డిస్కుల అమ్మకానికీ ఇచ్చిపుచ్చుకోవడానికీ పరిమితులు ఉంటాయనీ చెప్పింది. దానికి జవాబుగా సోనీ ఒక చిన్న వీడియో వదిలింది. ప్లేస్టేషన్ 4లో గేమ్ పంచుకునే విధానం ఏమిటంటే, ఒకాయన డిస్కు డబ్బా తీసి పక్కనున్నాయన చేతిలో పెడతాడు, అంతే. ఆటగాళ్లు ఎంత గట్టిగా ఎదురుతిరిగారంటే, జూన్ 19న మైక్రోసాఫ్ట్ ఆ నిబంధనలన్నీ వెనక్కి తీసుకుంది. కొనేవాళ్లు నోరు విప్పితే కంపెనీలు వింటాయని ఆ నెలలో తెలిసింది. 2021లోనూ అంతే. ప్లేస్టేషన్ 3, వీటా దుకాణాలు మూసేస్తామని సోనీ ప్రకటించి, వ్యతిరేకత చూసి ఏప్రిల్‌లో ఆ నిర్ణయం మార్చుకుంది.

అన్నిసార్లూ వినరు. 2023 మార్చి 27న నింటెండో తన 3డీఎస్, వీ యూ కన్సోళ్ల ఆన్‌లైన్ దుకాణంలో అమ్మకాలు ఆపేసింది. డిస్కుగా, కార్ట్రిడ్జ్‌గా ఎప్పుడూ రాక ఆ దుకాణంలో మాత్రమే దొరికిన గేముల్లో చాలావాటిని ఆ రోజు తర్వాత కొత్తవాళ్లు న్యాయంగా కొనే దారి పోయింది. అంతకంటే బాధ పెట్టింది ద క్రూ సంగతి. యూబీసాఫ్ట్ 2014లో విడుదల చేసిన కార్ల గేమ్ అది. అమెరికా దేశమంతా కుదించి రోడ్లుగా పరిచారు. ఒంటరిగా ఆడుకున్నా కంపెనీ సర్వర్‌కు కలిసి ఉండాల్సిందే. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. డిస్కు కొన్నవాళ్ల దగ్గర డిస్కు ఉంది, గేమ్ లేదు. తర్వాత కొందరి ఖాతాల్లోంచి ఆ గేమ్ లైసెన్సే తీసేశారు. రాస్ స్కాట్ అనే యూట్యూబర్ దీని మీద ఉద్యమం లేపితే, ఐరోపాలో పది లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. వాళ్లు గొంతెమ్మ కోరికలేం కోరలేదు. గేమ్‌కు సేవలు ఆపేటప్పుడు, కొన్నవాళ్లు తమంతట తాము ఆడుకునే స్థితిలో దాన్ని వదిలివెళ్లమన్నారు.

2024లో కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసింది. డిజిటల్ సరుకు అమ్మేవాళ్లు, అమ్ముతున్నది వస్తువును కాదనీ, వాడుకునే లైసెన్సును మాత్రమేననీ ముందే చెప్పాలి. అది 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఆలోపే స్టీమ్ కార్ట్‌లో, డబ్బు కట్టే బటన్ పక్కన, ఆ సంగతి తెలిపే వాక్యం కనిపించడం మొదలైంది. నిబంధనల్లో ఎప్పటినుంచో ఉన్న మాటే. స్టీమ్ ఖాతాను ఇంకొకరి పేరు మీదకు మార్చడం కుదరదు, వీలునామాలో రాసినా సరే. నాన్న పుస్తకాల బీరువా పిల్లలకు దక్కుతుంది. నాన్న కొన్న వందల గేములు ఆ నిబంధనల ప్రకారం ఆయనతోనే పోతాయి. ఇది నాకు సమ్మతం కాదు.

ఇందుకే జీఓజీ అనే దుకాణమంటే నాకు గౌరవం. దాన్ని 2008లో మొదలుపెట్టింది పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్. వాళ్ల పుట్టుక చూస్తే మన సీడీల కాలమే గుర్తొస్తుంది. తొంభైలలో వార్సాలో కూడా కాపీ డిస్కుల రాజ్యమే. 1999లో బాల్డర్స్ గేట్ గేమ్‌ను పోలండ్‌లో అమ్ముతూ వాళ్లు పైరసీతో ధరలో పోటీపడలేదు. పేరున్న నటులతో పోలిష్ భాషలో మాటలు చెప్పించారు, డబ్బాలో మ్యాపు, నియమాల పుస్తకం, పాటల సీడీ పెట్టారు. జనం అసలుది కొన్నారు. అదే కంపెనీ తర్వాత పెట్టిన జీఓజీలో గేమ్ కొంటే ఇన్‌స్టాలర్ ఫైలు చేతికి వస్తుంది. హార్డ్‌డిస్కులో దాచుకుంటే జీఓజీ మూతపడ్డా నడుస్తుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. కొత్త పెద్ద గేములు అక్కడికి ఆలస్యంగా వస్తాయి, కొన్ని రానే రావు. ఒకే గేమ్ రెండు చోట్లా ఉంటే వంద రూపాయలు ఎక్కువైనా నేను అక్కడే తీసుకుంటున్నాను.

గేమ్‌ను ఖాతాలో చేర్చుకునే కోడ్‌లను, అంటే కీలను, చవకగా అమ్మే సైట్ల గురించి ఎక్కువ చెప్పను. 2020లో జీ2ఏ అనే సైట్, ఫ్యాక్టోరియో గేమ్‌కు చెందిన 198 దొంగ కీలు తమ దగ్గర అమ్ముడయ్యాయని తేల్చి, తయారీదారుకు పరిహారం కట్టింది. మా ఇళ్లలో పిల్లలకు ఎదురయ్యే ఉచ్చు ఇంకొకటి. "మావయ్యా, స్టీమ్‌లో మూడు వేలంట, వీడు నాలుగొందలకే ఇస్తానంటున్నాడు" అంటూ మా మేనల్లుడు ఫోన్ చూపించాడు. అమ్మేది గేమ్ కాదు, ఎవరిదో ఖాతా ఐడీ, పాస్‌వర్డ్. ఒకే ఖాతాను పదిమందికి అమ్ముతారు. "ఆ పాస్‌వర్డ్ రేపు మారిస్తే ఎవర్ని అడుగుతావురా?" అన్నాను. వాడి స్నేహితుడు అప్పటికే కొన్నాడు. కొన్నాళ్లకు ఖాతా తెరుచుకోలేదు, అమ్మినవాడు జవాబివ్వలేదు.

మరి డిస్కే శరణ్యమా అంటే, ఇప్పటి డిస్కూ పాత డిస్కు కాదు. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 కోసం అమ్మే కార్డుల్లో కొన్నిట్లో గేమ్ ఉండదు. డౌన్‌లోడ్ చేసుకునే హక్కు మాత్రమే ఉంటుంది. ఇంకొకరికి అమ్ముకోవచ్చు, అది నయం. నింటెండో సర్వర్ ఆగిన రోజున, అప్పటికి డౌన్‌లోడ్ చేసుకోనివాడి చేతిలో ఆ కార్డు ఉత్త ప్లాస్టిక్కే. కాబట్టి డబ్బా కొనేటప్పుడు కూడా వెనకవైపు చిన్న అక్షరాలు చదవాలి: ఇంటర్నెట్ తప్పనిసరి అని రాసి ఉందా, డౌన్‌లోడ్ అవసరమని ఉందా?

చివరగా మన ఊరి గేమ్ ఒకటి. 2009లో హైదరాబాద్‌కు చెందిన ఆరోనా టెక్నాలజీస్ తయారుచేసిన హనుమాన్: బాయ్ వారియర్ ప్లేస్టేషన్ 2 మీద వచ్చింది. ఆ కన్సోల్ కోసం పూర్తిగా భారతదేశంలో తయారైన మొదటి గేమ్ అదే. గొప్ప గేమ్ అని నేననను. కానీ హైదరాబాద్ కుర్రాళ్లు ప్లేస్టేషన్‌కు గేమ్ చేయగలరని నిరూపించింది. ప్లేస్టేషన్ 2 తయారీ 2013కల్లా ఆగిపోయింది. తర్వాతి ప్లేస్టేషన్ 3 మోడళ్లు ఆ డిస్కులను చదవవు. మిగిలింది ఇళ్లలోని డిస్కులే. మీ అటక మీదో, పాత టీవీ స్టాండు సొరుగులోనో ఆ డబ్బా ఉంటే తూకానికి వేయకండి. కంప్యూటర్ డీవీడీ డ్రైవ్‌లో పెట్టి నకలు తీసి దాచండి. కొన్నవాళ్లు తమ కోసం బ్యాకప్ తీసుకోవడానికి మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ అనుమతిస్తుంది.