సీసము, పరుసవేది

1986వ సంవత్సరమున మా మఱది లండనునుండి చాదర్‌ఘాట్‌లోని మా యింటికి సింక్లెయిర్ స్పెక్ట్రమ్ అను చిన్న కంప్యూటరును, ఒక ఆట టేపును తెచ్చెను. ఆట పేరు ఫైండర్స్ కీపర్స్. 1985లో మాస్టర్‌ట్రానిక్ వారు దానిని 1.99 పౌనులకే అమ్మిరి. చవుకయే గాని ఎంత కోట, ఎన్ని గదులు!

టేపురికార్డరునుండి ఆట యంత్రములోని కెక్కుటకు కొన్ని నిమిషములు పట్టెడిది. ఆ కీచుధ్వని విని అత్తగారు “పిల్లి నేమి చేయుచున్నారే?” అని కేకవేసెడివారు.

అది మగపిల్లల సొత్తని యింట నొక మాట. ఆడపిల్లలు టేపు పెట్టవలెను, వారాడవలెను. సోదరీమణులారా, వారు బడికేగిన మధ్యాహ్నములందు తోడికోడండ్రము మేమిరువురము టెలివిజను ముందు కూర్చుండెడివారము. మాయాయోధుడు రాకుమారికి జన్మదిన కానుక వెదకవలెను. లేదా దొరికిన ధనముతో తానే తప్పించుకొని పోవచ్చును. మా చెల్లెలు రెండవదానినే కోరెడిది. సీసపుకడ్డీకి పరుసవేది తోడైనచో బంగారమగునని కనుగొన్నదియు నామెయే.

ఒక సాయంకాలము మగపిల్లలు ఆ బంగారము దొరకక తగవులాడుచుండగా, మా యమ్మాయి మీటలను తనవైపు లాగికొని చేసి చూపెను. ఆమెకు నేర్పినవారెవరని మామగారడిగిరి. మేము పలుకలేదు.

అత్తగారు మాత్రము, “సీసము ఏ గదిలో నున్నదే తల్లీ?” అని కన్నద్దములు తుడుచుకొనిరి.